బెంగళూరులో మొదటి ఆర్‌సీ ట్రైనర్ (రిమోట్‌తో ఎగరేసే, నేర్చుకునేవాళ్ళ చిన్న విమానం): ఎక్కడ ఎగరేయాలి, ముందుగా ఏం చూసుకోవాలి?

కొత్తరెక్కలు:
అందరికీ నమస్తే. ఫోమ్ ట్రైనర్ బిగించడం అయిపోయింది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 1.2 మీటర్లు, 4 ఛానెళ్ళు, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, దానితో కలిపి 950 గ్రాములు. రిసీవర్‌లోనే (విమానంలో సిగ్నల్ అందుకునే పెట్టె) జైరో ఉంది, అంటే విమానం వంగితే తనంతట తనే సరిచేసేది. సిమ్యులేటర్‌లో ల్యాండింగ్ బాగానే వస్తోంది. మారతహళ్ళి దగ్గర ఇళ్ళు లేని లేఅవుట్ ఒకటి ఖాళీగా ఉంది. ఆదివారం పొద్దున అక్కడ ఎగరేయొచ్చా? బ్యాటరీ అయ్యేలోగా దించడానికి టైమర్ ఎంత పెట్టాలి? నేల మీద ఏమేం చెక్ చేసుకోవాలో ఎవరైనా చెప్పగలరా?

బల్సాకర్ర:
మారతహళ్ళిలో వద్దండి. పక్కనే హెచ్‌ఏఎల్ పాత ఎయిర్‌పోర్టు రన్‌వే. ప్యాసింజర్ విమానాలు 2008లో దేవనహళ్ళికి మారాయి కానీ ఆ రన్‌వే మూతపడలేదు, టెస్ట్ ఫ్లైట్లు, హెలికాప్టర్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

మన సరదా మోడళ్ళు కూడా 2021 డ్రోన్ రూల్స్ కిందికే వస్తాయి. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 మధ్య అయితే 200 అడుగుల ఎత్తు దాకా, అవతల గ్రీన్ జోన్‌లో (పర్మిషన్ అక్కర్లేని చోటు) 400 అడుగుల దాకా. ఊళ్ళో హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు ఎయిర్‌ఫీల్డులు, పైన దేవనహళ్ళి, ఇన్నింటి చుట్టూ గీతలు గీస్తే తూర్పు, ఉత్తరం వైపు మిగిలేది తక్కువ. ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్‌లోని మ్యాప్‌లో స్థలం మీద వేలు పెట్టి చూడండి, రంగు అదే చెబుతుంది. రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోండి.

గ్రీన్ జోన్‌లో ఉన్నంత మాత్రాన లేఅవుట్ మంచి ఫీల్డ్ అయిపోదు. రోడ్లు వేసిన లేఅవుట్‌లో కరెంటు స్తంభాలు ఉంటాయి, సన్నటి తీగలు 50 మీటర్ల నుంచే కనిపించవు. పొద్దున వాకింగ్‌కి జనం వస్తారు. కనీసం 150 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు బయలు కావాలి, స్థలం యజమాని ఒప్పుకోవాలి. మీరు ఒక అంచున నిలబడాలి, చూసేవాళ్ళు మీ వెనకే ఉండాలి, విమానం ఎప్పుడూ మీ ముందే తిరగాలి. మీరు నిలబడ్డ అంచు దాటి మీ నెత్తి మీదికి వచ్చిందంటే వెంటనే బయటికి తిప్పేయండి.

గాలివాటం:
నేల మీద చెక్‌లు నేను చెబుతాను. మొదట ప్రొపెల్లర్ ఊడదీయండి, ఇది మాత్రం తప్పదు. ఈ సైజు మోటార్ ప్రాప్‌ని నిమిషానికి ఎనిమిది తొమ్మిది వేల చుట్లు తిప్పుతుంది, వేలు మిగలదు.

ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీసి, ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్. థ్రాటిల్ కట్‌కి, అంటే మోటార్ తిరగకుండా ఆపేయడానికి, ఒక స్విచ్ పెట్టుకోండి, రన్‌వే మీదికి వెళ్ళేదాకా అది వేసే ఉండాలి.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో ముందే పెట్టే సెట్టింగ్) దగ్గరే చాలామంది తప్పుతారు. కొన్ని రిసీవర్లు సిగ్నల్ పోతే చివరి స్థితినే పట్టుకుని కూర్చుంటాయి. అంటే థ్రాటిల్ 70 శాతంలో ఉండగా లింక్ తెగితే విమానం అదే జోరుతో ఎటో పోతుంది. థ్రాటిల్ సున్నా, మిగతావి మధ్యలో ఉండేలా సెట్ చేసి మళ్ళీ బైండ్ చేయండి (రిసీవర్‌ని ట్రాన్స్‌మిటర్‌తో జత కలపండి). తర్వాత, ప్రాప్ లేకుండానే, స్టిక్ సగానికి పెట్టి ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటార్ ఆగాలి. ఆగకపోతే ఆ రోజు ఎగరేయొద్దు.

సీజీ (విమానం బరువు సరితూగే చోటు): రెక్క ముందంచు నుంచి వెనక్కి, రెక్క వెడల్పులో 25–30 శాతం దగ్గర. మీ రెక్క 20 సెంటీమీటర్లుంటే 5–6 సెంటీమీటర్లు. బ్యాటరీ పెట్టి, రెండు రెక్కల కిందా ఆ చోట వేళ్ళ మీద ఆనిస్తే ముక్కు కాస్త వంగాలి. తోక వంగితే బ్యాటరీని ముందుకి జరపండి. తోక బరువైన విమానం ఎలివేటర్‌ని (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ముట్టుకుంటే చాలు లేచిపోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్క లేపలేక పడిపోతుంది.

ఇక సర్వోల (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) హార్న్ స్క్రూలు, వాటిని పలకలకి కలిపే పుష్‌రాడ్ క్లెవిస్‌లు, రెక్క బోల్టులు ఒక్కొక్కటీ వేలితో లాగి చూడండి. ఎయిలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) హింజ్‌ని కూడా మెల్లగా లాగండి. ట్రాన్స్‌మిటర్‌ని రేంజ్ చెక్ మోడ్‌లో పెట్టి 30 అంగలు నడవండి, సర్వోలు వణకకూడదు. ప్రాప్ బిగించాక, ఎవరైనా విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకుంటే, సగం థ్రాటిల్‌లో మళ్ళీ చూడండి. మోటార్ కరెంటు లాగినప్పుడే బయటపడే లోపాలు ఉంటాయి.

కొత్తరెక్కలు:
స్టిక్ కుడికి వేస్తే కుడి ఎయిలెరాన్ పైకి లేస్తోంది, ఇది సరైనదే కదా? కానీ జైరో ఆన్ చేసి విమానాన్ని చేత్తో కుడికి వంచినా కుడిది పైకే లేస్తోంది.

గాలివాటం:
స్టిక్ సరిగ్గానే ఉంది, జైరో తిరగబడింది. కుడి రెక్క కిందికి వంగితే దాన్ని పైకి లేపడానికి కుడి ఎయిలెరాన్ కిందికి దిగాలి. మీది వంగినవైపే ఇంకా వంచుతోంది, టేకాఫ్ అయిన రెండు సెకన్లలో బోర్లా పడుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఛానెల్ రివర్స్ చేస్తే స్టిక్ తిరగబడుతుంది కానీ జైరో మారదు. రిసీవర్ సెట్టింగ్‌లో జైరో దిశనే మార్చాలి. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. ముక్కుని ఎడమకి తిప్పితే రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడికి వెళ్ళాలి. మూడూ చూడండి.

పడమటిగాలి:
గాలి గురించి ఒక మాట. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి చెన్నై కంటే ఎనిమిది తొమ్మిది శాతం పలచన. అదే విమానం ఇక్కడ నాలుగు శాతం ఎక్కువ వేగం దగ్గరే స్టాల్ అవుతుంది, ప్రాప్ లాగే బలమూ కాస్త తగ్గుతుంది. అందుకని ఫైనల్ అప్రోచ్‌లో (దిగే ముందు చివరి వరుసలో) థ్రాటిల్ పూర్తిగా తీయకుండా, కొద్దిగా ఉంచే దిగండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పడమటి గాలి బలంగా ఉంటుంది. మొదటిసారి గంటకి 12 కిలోమీటర్లు మించితే వద్దు, పొద్దున ఏడింటికల్లా ఫీల్డ్‌లో ఉండండి. టేకాఫ్, ల్యాండింగ్ రెండూ గాలికి ఎదురుగానే. గాలి వెనక నుంచి తోస్తుంటే నేలతో పోల్చి వేగంగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది, అది చూసి థ్రాటిల్ తగ్గించి మలుపు తిప్పితే రెక్క జారిపోతుంది. ఎత్తు రెండు కొబ్బరిచెట్లంత ఉంచండి, తప్పు దిద్దుకోవడానికి అదే చోటు. గద్ద దగ్గరికొస్తే దిగిపోండి.

టైమర్ మొదట 5 నిమిషాలు పెట్టండి. దిగాక చార్జర్ ఎన్ని ఎంఏహెచ్ ఎక్కించిందో చూడండి. 1100 ఎక్కితే నిమిషానికి 220 వాడినట్టు. 2200లో 80 శాతం, అంటే 1760 వాడొచ్చు, 8 నిమిషాలు వస్తుంది. టైమర్ 7 పెట్టుకోండి, మిగిలింది ల్యాండింగ్ కుదరక మళ్ళీ తిరగడానికి. చార్జింగ్ 1సీ, అంటే 2.2 ఆంపియర్లు, ఎదురుగా ఉండే చేయండి. రెండు రోజుల్లో ఎగరేయకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

చెట్టుకో నేలకో తగలబోతోందనిపించగానే థ్రాటిల్ సున్నా చేయండి. ప్రాప్ ఇరుక్కుపోయాక మోటార్ తిరగాలని చూస్తే ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) కాలిపోతుంది. పడిన విమానంలోంచి లైపో తీసి, ఎండుగడ్డికి దూరంగా మట్టి మీద అరగంట పెట్టి చూడండి. నొక్కుకుపోయినా, ఉబ్బినా దాన్ని కారులో పెట్టుకోవద్దు, మళ్ళీ చార్జ్ చేయొద్దు.