ట్యూబులు మార్చాక హైడ్రోలో చెమ్మ: ఇంకా రోల్ చేయాలా?

వైజాగ్_ఫిట్టర్:
నౌకాదళం నౌక మెయిన్ బాయిలర్, వాటర్ ట్యూబ్ రకం (నీళ్లు ట్యూబుల్లో, మంట బయట). కింది డ్రమ్ములో కొన్ని ట్యూబులు మార్చాం. ట్యూబు బయటి వ్యాసం 38.0, లోపలిది 31.0, డ్రమ్ము రంధ్రం 38.4 మి.మీ. హైడ్రోలో (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టే పరీక్షలో) కొత్త జాయింట్లు కొన్ని చెమర్చాయి, పక్కనున్న పాతవి రెండు కూడా. రోల్ చేశాక, అంటే ట్యూబు కొనను లోపలినుంచి రోలర్లతో వెడల్పు చేసి రంధ్రానికి బిగించాక, లోపలి వ్యాసం చాలావాటికి 31.6 ఉంది, ఒకదానికి 32.3. అన్నిటినీ ఇంకో చుట్టు బిగించేస్తే సరిపోతుందా?

స్టీమ్‌డ్రమ్:
అన్నిటినీ ఒకే గాటన కట్టకు తమ్ముడూ. ముందు లెక్క చూడు. సందు 0.4 కాబట్టి లోపలి వ్యాసం 31.4కి వస్తే ట్యూబు రంధ్రాన్ని తాకుతుంది. పట్టు మొదలయ్యేది ఆ తర్వాతే. గోడ మందం 3.5, రెండు వైపులా కలిపి 7.0. 31.6 దగ్గర ఆపితే గోడ పలచబడింది 0.2 బై 7.0, మూడు శాతం కూడా లేదు. కార్బన్ స్టీలుకు మామూలుగా 6 నుంచి 8 శాతం, అంటే 31.82 నుంచి 31.96 దాకా. డ్రాయింగులో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకో.

32.3 అంటే 13 శాతం దగ్గర. దాన్ని ఇక ముట్టుకోకు. గోడ గట్టిపడి పెళుసవుతుంది, రంధ్రం సాగుతుంది, రెండు రంధ్రాల మధ్య మిగిలే లోహం (లిగమెంటు) జరిగి పొరుగు ట్యూబు వదులవుతుంది. పాతవి రెండూ దాని పక్కనే ఉంటే కారణం అదే అనుకో. వాటికి తేలికగా ఒక్క రీరోల్ చాలు. ఏం చేసినా ప్రెషర్ దించి, నీళ్లు తీసి, జాయింటు ఆరాకే.

చిప్పింగ్‌హామర్:
లెక్క ప్రకారం రోల్ చేసినా ఆగకపోతే రంధ్రాన్నే అనుమానించాలి. పాత ట్యూబు ముక్క తీసేటప్పుడు ఉలి జారితే రంధ్రంలో పొడవునా గీత పడుతుంది. నీళ్లకు అదే దారి, ఎంత రోల్ చేసినా మూసుకోదు. చుట్టూ తిరిగే సన్నగీత అంత చెడ్డది కాదు. అందుకే ముక్కను లోపలికి ముడుచుకునేలా నొక్కి బయటికి తట్టాలి గానీ, ఉలిని రంధ్రం గోడకు ఆనించకూడదు.

ట్యూబు కొన మెరిసేదాకా ఎమెరీ పట్టారా? నూనె రోలర్లకే, ట్యూబు బయటివైపు చుక్క కూడా వద్దు. కొన డ్రమ్ము లోపలికి కనీసం 6 మి.మీ. పొడుచుకు రావాలి, బెల్ మౌత్ (గంటలా విచ్చిన ఆ కొన) రంధ్రం కంటే 3 మి.మీ. అయినా పెద్దదవ్వాలి.

ఇంజిన్‌రూమ్:
అసలు అది లీకేనా? విశాఖ ఉక్కలో చల్లటి నీళ్లు నింపితే డ్రమ్మంతా చెమటే. నీళ్లను బయటి గాలి వేడికి తెచ్చి, గుడ్డతో తుడిచి చూడండి. తుడిచిన జాయింటులోనే మళ్లీ బొట్టు కడితే లీకు, ప్లేటంతా తడిస్తే చెమట.

వైజాగ్_ఫిట్టర్:
తుడిచి చూశాం సార్, జాయింట్లలోనే. దీనికి ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) ఇన్‌స్పెక్టర్ రావాలా?

స్టీమ్‌డ్రమ్:
అక్కర్లేదు, బాయిలర్ల చట్టంలోనే నౌకాదళం బాయిలర్లకు మినహాయింపు ఉంది. మీ క్వాలిటీ వాళ్ల సంతకం మాత్రం తప్పదు. డ్రమ్ము మూసే ముందు ఎక్స్‌పాండర్ (రోల్ చేసే పనిముట్టు) రోలర్లు, దాని నడిమి కడ్డీ మాండ్రెల్ లోపల ఉండిపోలేదని లెక్క సరిచూసి, దారిలో అడ్డేమీ లేదని తేలడానికి మార్చిన ప్రతి ట్యూబులోంచీ స్టీలు బంతి వదలండి. ఎన్ని వేశారో అన్నీ కింద దొరకాలి. నూనె మరకలు పోవడానికి ఆల్కలీ కలిపిన నీళ్లు మరిగించి కడిగాకే (బాయిల్ అవుట్) స్టీమ్ ఎత్తండి.