ఏ4 నకలులో మా పొలం సగమే వస్తోంది, ఎందుకు?

కాశీనగర్ రైతుబిడ్డ:
నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర, వంశధార పక్కన ఊరు. నాన్న పేరున ఉన్న వరి పొలం పట్టాలో 1 ఎకరం 80 డెసిమళ్లు (డెసిమల్ అంటే ఎకరంలో నూరో వంతు). ఊరి పటంలో ఆ పొలం ఉన్న భాగాన్ని భూమి కొలిచే అమీను గారు ఏ3 కాగితం మీద అసలు కొలతకే గీసి ఇచ్చారు. మూలన ‘16 అంగుళాలు = 1 మైలు’ అని రాసి ఉంది. దాచుకోవడానికి వీలుగా దాన్ని ఏ4కి తగ్గించి జిరాక్స్ తీయించాను. అసలు కాగితం బరంపురంలో అన్నయ్య దగ్గర ఉంది.

జిరాక్స్ మీద పొలం దాదాపు దీర్ఘచతురస్రం: 16 మిల్లీమీటర్లు, 14 మిల్లీమీటర్లు. రాసి ఉన్న స్కేలుతో లెక్క వేస్తే 87 డెసిమళ్లే! నాన్నకు ఇంకా చెప్పలేదు, చెబితే రాత్రంతా నిద్రపోరు. పదో తరగతి చదివే తమ్ముడేమో, “కాగితం సగమైంది కదా అక్కా, పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చెయ్యి” అంటున్నాడు. అలా చేస్తే దాదాపు మూడున్నర ఎకరాలు. అంత పొలం మాకు లేదు.

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
అమ్మా, పొలం ఎక్కడికీ పోలేదు. ఏ3 కొలతలు 420, 297 మిల్లీమీటర్లు. ఏ4వి 297, 210. పొడవును పొడవుతో, వెడల్పును వెడల్పుతో భాగించి చూడండి, రెండుసార్లూ 1.414 వస్తుంది. రెండు కాగితాలూ సరూపాలు, అంటే సైజు వేరైనా ఒకే ఆకారం, కావాలనే ఆ కొలతలు పెట్టారు. భుజాలు 0.707 రెట్లకు తగ్గితే వైశాల్యం 0.707 × 0.707, అంటే సగం. తమ్ముడు వైశాల్యానికి చెందిన సగాన్ని భుజాలకు అంటగట్టాడు. వైశాల్యాల నిష్పత్తి భుజాల వర్గాల నిష్పత్తి అని వాడు త్రిభుజాలకు చదివే ఉంటాడు. గట్లు ఎన్ని వంకరలు తిరిగిన పొలానికైనా అదే వర్తిస్తుందని చెప్పండి.

మైలుకు 63,360 అంగుళాలు కాబట్టి అసలు పటం స్కేలు 1:3960. కోణాలు మారవు, అందుకే నకలు చూస్తే తేడా తెలియదు. కానీ మీ నకలు స్కేలు 3960 × 1.414, అంటే 1:5600. ఇప్పుడు పొలం 89.6 మీటర్లు, 78.4 మీటర్లు. ఎకరానికి 4047 చదరపు మీటర్ల చొప్పున 174 డెసిమళ్లు. మిగతా ఆరు కొలవడంలో పోయినవే: నకలు మీద అర మిల్లీమీటరు తప్పితే నేల మీద 2.8 మీటర్లు.

నాకెంతో ఇష్టమైన లెక్క ఇంకొకటి. భూమి కొలిచే పాత కొలత గొలుసు. మైలుకు 80 గొలుసులు కనుక అసలు పటం మీద అంగుళం 5 గొలుసులు, చదరపు అంగుళం 25 చదరపు గొలుసులు. పది చదరపు గొలుసులు ఎకరం. కాబట్టి చదరపు అంగుళం సరిగ్గా రెండున్నర ఎకరాలు! మీ నకలు మీద అది ఐదు ఎకరాలు. సరూపత పాఠాన్ని ప్రతి బడిలోనూ సొంత ఊరి పటంతోనే మొదలుపెట్టాలని నా కోరిక.

గుణుపురం జిరాక్స్ దుకాణం:
మాస్టారి లెక్క సరైనదే, యంత్రం మీద 71 శాతం పెట్టి ఉంటేనే. అంచులు తెగకుండా మేం ఒక్కోసారి ఇంకాస్త తగ్గిస్తాం. ఈసారి అసలు కాగితం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 10 సెంటీమీటర్ల గీతలు పెన్సిలుతో గీసి ఇవ్వండి. నకలులో రెండూ 7.1 ఉండాలి. ఫోనుతో పక్కవాటుగా తీసిన ఫోటోను మాత్రం కొలవకండి. దూరంగా ఉన్న అంచు ఎక్కువ కుంచించుకుపోతుంది, అది సరూపమే కాదు.

కాశీనగర్ రైతుబిడ్డ:
అన్నయ్య అసలు కాగితం మీద కొలిచి చెప్పాడు: 23, 20 మిల్లీమీటర్లు. 178 డెసిమళ్లు వచ్చింది! నాన్నకు ఇప్పుడు ధైర్యంగా చూపించాను. వాగు పక్కన మా రెండో మడి గట్టు బాగా వంకర. దాన్ని ఎలా లెక్కించాలి?

పర్లాకిమిడి లెక్కల మాస్టారు:
మిల్లీమీటరు గళ్లున్న ట్రేసింగ్ కాగితం పైన పరిచి గళ్లు లెక్కపెట్టండి. సగానికి మించి లోపల పడినదాన్ని పూర్తి గడిగా తీసుకోండి, మిగతావి వదిలేయండి. మీ నకలు మీద ఒక్కో గడి 5.6 మీటర్ల చతురస్రం, 31.36 చదరపు మీటర్లు. గట్టు తగాదా ఉంటే మాత్రం అమీను గారిచేత నేల మీదే కొలిపించండి.