రెండో కంప్రెసర్ హై ప్రెషర్ మీద ట్రిప్ అవుతోంది: ఫ్యాన్ స్విచ్ పోయిందా?

రూఫ్‌టాప్ ఏసీ యూనిట్, రెండు సర్క్యూట్లు, రెండు కండెన్సర్ ఫ్యాన్లు, గ్యాస్ ఆర్-410ఏ. వై1కి (థర్మోస్టాట్ అడిగే మొదటి దశ కూలింగ్) అంతా సవ్యమే. వై2 (రెండో దశ) రాగానే రెండో కంప్రెసర్ ఆన్ అవుతోంది, కానీ రెండో ఫ్యాన్ తిరగదు. ప్రెషర్ 600 పీఎస్ఐ దాటాక కంప్రెసర్ కాంటాక్టర్ (కరెంటు కలిపే పెద్ద రిలే) పడిపోతోంది.

కండెన్సర్ కాయిల్ శుభ్రంగా ఉంది. కెపాసిటర్ బాగుంది, మోటారుకు నేరుగా సప్లై ఇస్తే సరైన దిశలోనే తిరుగుతోంది. ఫ్యాన్ కాంటాక్టర్ కాయిల్‌కు మాత్రం 24 వోల్టులు అందడం లేదు. ఆ లైన్‌లో ఉన్న ఫ్యాన్ ప్రెషర్ స్విచ్ (ప్రెషర్ పెరిగితే మూసుకుని ఫ్యాన్‌ను ఆన్ చేసేది) రెండు టెర్మినళ్ల మధ్య, ప్రెషర్ అంత పెరిగినా, 24 వోల్టులు కనిపిస్తున్నాయి. అంటే అది మూసుకోవడం లేదు.

స్విచ్చే చెడిందా, లేక కింది ష్రేడర్ వాల్వ్ (ట్యూబ్ వాల్వ్ లాంటిది) పిన్ సరిగా నొక్కుకోక ప్రెషర్ చేరడం లేదా? రెంటికీ లక్షణం ఒకటే కదా. గ్యాస్ తీయకుండా తేల్చే పద్ధతి చెప్పండి. అప్పటిదాకా స్విచ్‌ను దాటేసేలా జంపర్ వైరు వేసి నడిపితే, చలిలో హెడ్ ప్రెషర్ (కండెన్సర్ వైపు ప్రెషర్) పడిపోవడం తప్ప ఇంకేమైనా ముప్పుందా?