అప్‌డేట్: అమ్మతో మేడారం వెళ్లొచ్చాను

మోకాళ్ల నొప్పులున్న అమ్మను 2024 మేడారం జాతరకు తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. మీరన్నట్టే శుక్రవారం రద్దీ వదిలేసి శనివారం తెల్లారేసరికి చేరాం. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అమ్మకు జీరో టికెట్, డబ్బులు నాకే. తాగునీళ్లకు లోటు లేదు. మరుగుదొడ్లే ఘోరం, సగం వాటిలో చుక్క నీళ్లు లేవు. భక్తులు స్నానాలు చేసే జంపన్నవాగు దగ్గర బట్టలు మార్చుకునే గదులకు పెద్ద లైన్. ముక్కూ మొహం తెలియని ఇద్దరు అక్కలు చీర అడ్డంపట్టి అమ్మను పిలిచారు. సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర తోపులాట లేదు.

ఇంతా చేసి అమ్మ కంప్లయింట్ ఒక్కటే: నిలువెత్తు బంగారానికి (ఒంటి బరువంత బెల్లం ఇచ్చే మొక్కు) తూగితే 71 కిలోల బెల్లం పట్టింది, కాబట్టి ఆ కాంటా తప్పట!