1.3 స్విఫ్ట్‌కి సూపర్‌ఛార్జరా, ఎన్‌ఏ (సూపర్‌ఛార్జర్ లేని) బిల్డా?

నాది పాత పెట్రోల్ స్విఫ్ట్, 1298 సీసీ ఇంజన్. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి దాని మీదే వెళ్తాను. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ సమానంగానే ఉంది.

ముందు 4-2-1 హెడర్ (ఇంజన్ పొగ గొట్టాలు), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (బయటి చల్లగాలి లాగే గొట్టం) వేసి ఇంజన్ కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయించాను. డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద చక్రాల దగ్గర 7 హెచ్‌పీ పెరిగింది, అంతే. తర్వాత సెకండ్‌హ్యాండ్ ఏఎమ్‌ఆర్ 500 సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) బిగించాం. బూస్ట్ (ఆ అదనపు గాలి ఒత్తిడి) 5 పీఎస్‌ఐ, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. 2000 ఆర్‌పీఎమ్ నుంచే ఆ లాగుడు నిజంగా అద్భుతం! కానీ మే నెల ఎండలో కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో 20 నిమిషాలు నిలిస్తే ఇన్‌టేక్ గాలి 70 డిగ్రీలు దాటేది. ఆ తర్వాత ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే 3000–3500 ఆర్‌పీఎమ్ మధ్య ఇంజన్ టకటకా కొట్టుకునేది (నాకింగ్). 95 ఆక్టేన్ పెట్రోల్ పోశాం, స్పార్క్ టైమింగ్ 4 డిగ్రీలు వెనక్కి జరిపాం. శబ్దం తగ్గింది గానీ పోలేదు. పిస్టన్లు పోతాయన్న టెన్షన్‌తో సూపర్‌ఛార్జర్ విప్పేశాను.

ఇప్పుడు మెకానిక్ ఎన్‌ఏగానే ఉంచి, క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చి, కంప్రెషన్ రేషియో 10.5కి పెంచుదాం అంటున్నాడు. అలా చేస్తే పవర్ అంతా పైన 5000 దాటాకే వస్తుందేమో, సిటీలో ఏం లాభం అని నా బాధ.

మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో ఇలాంటి చిన్న ఇంజన్‌ని రోజూ నడిపినవాళ్లు చెప్పండి: ఇంటర్‌కూలర్ పెట్టి అదే 5 పీఎస్‌ఐతో సూపర్‌ఛార్జర్ మళ్లీ బిగిస్తే ఈ నాకింగ్ పూర్తిగా పోతుందా, లేక ఎన్‌ఏ బిల్డే మేలా?