పెన్సిల్వేనియా: తండ్రి ఇచ్చిన పిస్టల్ పోలీసు రికార్డులో కొడుకు పేర లేకపోతే?

పెన్సిల్వేనియా తుపాకీ చట్టం మీద పట్టున్న లాయర్లు, డీలర్లు ఎవరైనా ఉంటే ఈ చిక్కు విప్పండి.

అక్కడ హ్యాండ్‌గన్ చేతులు మారాలంటే, ప్రైవేటు అమ్మకమైనా సరే, లైసెన్సున్న డీలర్ దగ్గరో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసులోనో కొనేవాళ్ల నేపథ్యం చెక్ జరగాలి. ఆ అమ్మకం వివరాలు స్టేట్ పోలీసుల డేటాబేస్‌లో చేరతాయి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు-పిల్లలు, తాతామనవల మధ్య బదిలీకి మాత్రం ఇది అక్కర్లేదు. వేరే రాష్ట్రం నుంచి సామాన్లతో తెచ్చుకున్నదీ అందులో ఉండదు. అంటే రికార్డే అరకొర. తుపాకుల రిజిస్ట్రీ (ఏ తుపాకీ ఎవరిదో చెప్పే జాబితా) పెట్టకూడదని రాష్ట్ర చట్టంలోని సెక్షన్ 6111.4 అంటున్నా, ఈ డేటాబేస్ అన్ని తుపాకుల చిట్టా కాదు కాబట్టి రిజిస్ట్రీ కిందికి రాదని 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

ఫెడరల్ వైపు వెతికినా లాభం లేదు. ఎన్‌ఐసీఎస్‌లో (కొనేవాళ్ల నేపథ్యం చూసే ఫెడరల్ వ్యవస్థ) 'ప్రొసీడ్', అంటే అమ్మొచ్చు అని, వచ్చినవాళ్ల వివరాలు 24 గంటల్లో చెరిపేయాలి. డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారం 4473 ఆ డీలర్ దగ్గరే ఉంటుంది.

ఇక ప్రశ్న. అదే రాష్ట్రంలో ఉన్న తండ్రి కొడుక్కి పిస్టల్ ఇచ్చాడనుకోండి. కొడుక్కి గ్రీన్‌కార్డు ఉంది. (హెచ్‌1బీ అయితే, మినహాయింపు లేనిదే, తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం, ఆ చర్చ వద్దు.) పోలీసులు ఆపి సీరియల్ నంబరు కొడితే తండ్రి పేరే వస్తుంది.

పేరు కలవలేదన్న ఒక్క కారణంతో పోలీసులు తుపాకీ తమ దగ్గర ఆపుకోవచ్చా? ఆపుకుంటే కోర్టులో ఆస్తి వాపసు పిటిషనే దారా? సీరియల్ నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలతో గిఫ్ట్ లెటర్ సరిపోతుందా, లేక మినహాయింపు ఉన్నా డీలర్ ద్వారానే రాయించుకోవడం మేలా? 'పాత రసీదు చూపించండి' అనకండి, అందులోనూ తండ్రి పేరే ఉంటుంది.