గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదుట ఇల్లు: 22 లక్షలు ఎక్కువ పెట్టొచ్చా?

లాంజిపల్లి అక్క:
మేం ఒడిశాలోని బరంపురంలో ఉంటాం. మా ఆయన వచ్చే మార్చిలో రిటైరవుతారు. గోపాల్‌పూర్ దాటాక, పంచాయతీ పరిధిలో కొత్తగా కట్టిన డూప్లెక్స్ ఒకటి చూశాం. ఒడ్డుకు 150 మీటర్లు. మేడెక్కితే ఎదురుగా సముద్రమే. 62 లక్షలు చెబుతున్నారు. ఇంత ఇల్లే మా వీధిలో 40కి వస్తోంది. ఒడ్డున ఇల్లు ఆయన చిన్ననాటి కోరిక. నాకేమో 2013 ఫైలిన్ తుఫాను రాత్రి ఇంకా కళ్ళ ముందే ఉంది. మా వీధిలో 18 రోజులు కరెంటు లేదు. ఒడ్డున ఉంటున్నవాళ్ళు చెప్పండి, వెళ్ళమంటారా?

బ్యాంకు తమ్ముడు:
అక్కా, ఆ 22 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 1,54,000 వస్తుంది. సముద్రం కనిపించే గది రాత్రికి 4,000 అనుకున్నా 38 రాత్రులు ఉండొచ్చు. బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే. అసలు సొమ్ము ఎక్కడికీ పోదు.

ఒడ్డున మాస్టారు:
తమ్ముడూ, లెక్క సరిగ్గానే ఉంది. కానీ గదికి వెళ్ళి పడుకోవడం వేరు, అక్కడ కాపురం ఉండటం వేరు. నేను 2016 నుంచి గోపాల్‌పూర్‌లో ఉంటున్నాను. బరంపురంలో మా ఆవిడకు సరిగా నిద్ర పట్టేది కాదు. ఇక్కడికి వచ్చాక తెల్లారకుండానే లేచి ఒడ్డుకు నడిచి, బోట్లు వచ్చే వేళకు ఇసుకలోనే నిలబడి కానాగంత చేపలు బేరమాడి తెస్తుంది. దానికి ఏ బ్యాంకు వడ్డీ కడుతుంది?

ఖర్చు దాచను. ఇనుప గేటు రెండుసార్లు మార్చాను. ఏసీ బయటి యూనిట్‌ను మూడేళ్ళకే ఉప్పుగాలి తినేసింది. 2018లో తిత్లీ తుఫాను వస్తుందంటే రెండు రోజులు బరంపురంలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయాం. అయినా ఈ ఇల్లు అమ్మను.

ఛత్రపూర్ సైట్ ఇంజినీర్:
మాస్టారూ, మీ ఇల్లు గోపాల్‌పూర్ ఎన్.ఎ.సి. (చిన్న పట్టణ పాలక సంస్థ) పరిధి లోపల, పాత రోడ్డుకు ఊరి వైపున ఉండి ఉంటుంది. అక్క అడుగుతున్నది పంచాయతీ స్థలం. నాకు ముందు భయం వేసింది అక్కడే.

2019 తీరప్రాంత నిబంధనల ప్రకారం, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటని గ్రామాల్లో పోటు గీత (పోటు నీళ్ళు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు. అనుమతితో ఎప్పుడో కట్టిన ఇంటిని ఉన్నంతలో బాగుచేసుకోవచ్చు, అంతే. సాంద్రత అంతకు మించితేనే ఆ హద్దు 50 మీటర్లకు దిగుతుంది. 150 మీటర్లలో కొత్త డూప్లెక్స్ ఎలా లేచిందో అమ్మేవాళ్ళు కాగితం చూపించాలి. పంచాయతీ రసీదు చూపించి అదే అనుమతి అంటే నమ్మకండి. ఆ నిబంధనల కింద తయారైన తీరప్రాంత మ్యాప్‌లో ఆ ప్లాట్ నంబరు ఎక్కడ పడిందో చూడమనండి. పట్టాలో కిసమ్ (భూమి రకం) కూడా చూడండి. ఘరబారి (ఇంటి స్థలం) అని లేకపోతే, తహసీల్దారు దగ్గర మార్పు జరిగేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు.

రెండోది కాంక్రీటు. ఉప్పు లోపలికి దిగితే ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన కాంక్రీటు పెచ్చులూడుతుంది. అందుకే కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరంలో కనీసం ఎం30 (బలాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. సముద్రపు తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. నేను చూసిన చాలా ఇళ్ళలో శ్లాబుకు 20 కూడా లేదు. ఒడ్డు ఇసుకే కలిపి కట్టినవీ చూశాను, వాటికి మందు లేదు. కొత్త పెయింట్ కింద ఇవేవీ కనిపించవు. కవర్ కొలిచే మిషన్ ఉన్నవాళ్ళను తీసుకెళ్ళండి.

పొడంపేట కుర్రాడు:
మాది ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఉన్న పొడంపేట. మా తాత కట్టిన ఇంటికీ సముద్రానికీ మధ్య ఇంకా రెండు వరసల ఇళ్ళుండేవట. ఇప్పుడు పాత ఊళ్ళో మొండిగోడలే. మేం లోపలికి కట్టిన కాలనీలో ఉంటున్నాం. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది. దారిలో ఎవరైనా రాళ్ళగోడ కడితే దానికి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. కాబట్టి ఇవాళ 150 మీటర్లు ఉందా అని కాదు, పదేళ్ళ కిందట ఎంత ఉందో అడగండి అక్కా. ఇల్లమ్మేవాళ్ళను కాదు, అక్కడ వల లాగేవాళ్ళను. మేం ఒడ్డున ఉండేది బోటు కోసం. గంగమ్మ ముందుకొస్తే లేచి వెనక్కి జరుగుతాం. 62 లక్షలు పోసినవాళ్ళు ఎలా జరుగుతారు?

బ్యాంకు తమ్ముడు:
ఇంకొకటి. 'ఇన్సూరెన్స్ ఉంది కదా' అని ఎవరైనా అంటే ఆగండి. 2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ తుఫానుకూ వరదకూ వర్తిస్తుంది. నేల కుంగినా ఇస్తారు, కానీ సముద్రం లేదా నది కోత వల్ల అయితే ఇవ్వరు. స్థలం విలువ అసలు లెక్కలోకే రాదు.

ఒడ్డున మాస్టారు:
ఇంజినీరు గారు చెప్పింది నిజమే, మాది ఎన్.ఎ.సి. లోపలే, ఒడ్డుకు అర కిలోమీటరు పైనే. 150 మీటర్లలో అయితే నేనూ కొనేవాణ్ణి కాదు. కానీ సముద్రం దగ్గర బతకాలన్న కోరికను అత్యాశ అనకండి. అమ్మా, మా మేడ మీద వాటా ఖాళీగా ఉంది. మీ ఆయన రిటైరయ్యాక వచ్చి ఉండండి. ఏప్రిల్ ఉక్కపోత, అక్టోబరు గాలి, రెండూ చూశాక కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

లాంజిపల్లి అక్క:
ఇవన్నీ ఆయనకు చదివి వినిపించాను. పదేళ్ళ కిందట ఒడ్డు ఎక్కడుందన్న మాట దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. ఆ డూప్లెక్స్‌కు ఈ ఆదివారం ఇస్తామన్న అడ్వాన్సు ఆపేశాం. మాస్టారూ, వాటా అద్దె ఎంత? మెట్లు ఎక్కువుంటాయా? ఆయనకు మోకాళ్ళ నొప్పులు.

ఒడ్డున మాస్టారు:
పద్దెనిమిది మెట్లమ్మా, ఒక పక్క పట్టుకోవడానికి స్టీలు రెయిలింగ్ ఉంది. అద్దె సంగతి తర్వాత, ముందు ఇద్దరూ వచ్చి చూడండి.